గుడ్లు తినిపించినా పెరగని ఆల్బుమిన్

ఒంగోలు, కావలి, నెల్లూరు స్టేషన్లలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్ళేవాళ్ళలో కొందరి చేతుల్లో ఒకే రకం సంచి కనిపిస్తుంది. మందుల షాపు పేరు అచ్చయిన ప్లాస్టిక్ కవరు. అందులో అంచులు నలిగిన స్కాన్ ఫిల్ములు, బయాప్సీ కాగితం, అన్నిటికన్నా పైన నిన్నో మొన్నో తీయించిన రక్తపరీక్ష రిపోర్టు. డాక్టరు ముందుగా స్కాన్లు చూస్తాడు. ఇంట్లోవాళ్ళకు స్కాన్లు అర్థం కావు గనుక వాళ్ళ చూపు రిపోర్టులో ముద్దక్షరాలతో ఉన్న అంకెల మీద పడుతుంది. ఆల్బుమిన్ 2.8, పక్కన కిందికి దిగిన బాణం గుర్తు. ప్రోటీన్ తగ్గిందన్నమాట. ప్రోటీన్ తగ్గిందంటే తిండి చాలలేదన్నమాట. తిండి చాలలేదంటే వండిపెట్టే మనిషి సరిగా చూసుకోలేదన్నమాట. మూడు మెట్లు దిగేసరికి ఒక ల్యాబు అంకె ఆ ఇంటి ఇల్లాలి మీద నేరారోపణగా మారిపోతుంది. పరామర్శకు వచ్చిన బంధువులు ఆ మాటను మరింత గట్టిగా అనిపోతారు.

ఈ మూడు మెట్లలో మొదటిది నిజమే. ఆల్బుమిన్ ప్రోటీనే, తగ్గిన మాటా వాస్తవమే. మిగతా రెండూ తప్పు. ముదిరిన క్యాన్సర్‌లో ఆ అంకె తిండి సంగతి చెప్పేది తక్కువ, లోపల రగులుతున్న మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్, సంగతి చెప్పేది ఎక్కువ. ఈ తేడా తెలియకపోవడం వల్ల మన ప్రాంతంలో ఎన్ని ఇళ్ళల్లో ఎంత డబ్బు ప్రోటీన్ పొడి డబ్బాల మీద, ఆల్బుమిన్ సీసాల మీద పోతోందో లెక్క తీసినవాళ్ళు లేరు.

ఆల్బుమిన్ అన్న పేరు గుడ్డు తెల్లసొనకున్న లాటిన్ పేరు నుంచే వచ్చింది. అపోహకు ఆ పేరు కూడా కొంత సాయం చేసినట్టుంది. తెల్లసొనలో ఉండే ప్రోటీన్ వేరు, మన రక్తంలో తిరిగే ఆల్బుమిన్ వేరు. గుడ్డు తింటే అది పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిని దేనికి వాడాలో తేల్చేది కాలేయం. ఆరోగ్యంగా ఉన్న మనిషి కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాముల ఆల్బుమిన్ తయారుచేస్తుంది. శరీరం మొత్తంలో 250 నుంచి 300 గ్రాముల వరకు ఉంటుంది. అందులో సగానికి పైగా రక్తనాళాల బయట, కణజాలాల మధ్య ఉండే ద్రవంలోనే ఉంటుంది. ఒకసారి తయారైన ఆల్బుమిన్‌లో సగం తరిగిపోవడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. అంటే నాలుగు రోజులు సరిగా తిననంత మాత్రాన అది పడిపోదు, నాలుగు రోజులు బాగా తిన్నంత మాత్రాన లేచి కూర్చోదు.

ఇంకా ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. తిండి మీద విముఖత పెంచుకుని ఎముకల గూళ్ళయిపోయే అనొరెక్సియా నెర్వోసా అనే మానసిక రుగ్మతలో కూడా చాలామందికి ఆల్బుమిన్ మామూలు స్థాయిలోనే ఉంటుంది. కేవలం పస్తుల వల్ల ఆ అంకె అంత తేలిగ్గా దిగదు. అందుకే అమెరికాలో వైద్య పోషణ నిపుణుల సంఘమైన ఆస్పెన్, ఆల్బుమిన్‌ను పోషకాహార లోపానికి కొలబద్దగా వాడవద్దని తన ప్రకటనలో స్పష్టంగా చెప్పింది. మన వార్డుల్లో ఆ మాట ఇంకా సరిగా వినబడుతున్నట్టు లేదు.

మరి క్యాన్సర్‌లో ఎందుకు దిగుతుంది? కణితిలో కొన్ని కణాలు చచ్చిపోతుంటాయి, కొన్ని చుట్టుపక్కల కండను తొలుచుకుపోతుంటాయి. దెబ్బ తగిలిన చోటికి పరుగెత్తినట్టే రోగనిరోధక కణాలు అక్కడికి చేరి ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలను వదులుతాయి. చర్మం మీద గాయమైతే ఈ తతంగం వారం పది రోజుల్లో ముగుస్తుంది. కణితి మాత్రం మానని పుండు. ఆ రసాయనాలు రక్తంతో పాటు కాలేయానికి చేరి, ఇప్పుడు అత్యవసర పరిస్థితి అన్న కబురు అందిస్తాయి. కాలేయం మామూలు పనులు తగ్గించి, అత్యవసరానికి కావలసిన ప్రోటీన్ల తయారీకి దిగుతుంది. వాటిలో సి-రియాక్టివ్ ప్రోటీన్, అంటే సీఆర్‌పీ, ముఖ్యమైనది. అది పెరుగుతుంది, ఆల్బుమిన్ తయారీ తగ్గుతుంది. పైగా రక్తనాళాల గోడలు వదులై, ఉన్న ఆల్బుమిన్ బయటికి జారుకుంటుంది. ఈ అత్యవసర ప్రోటీన్లకు కావలసిన ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుంది? కండరాల నుంచి. మనిషి తొడలు, భుజాలు కరిగేది అందుకే. అదే రసాయనాలు మెదడులో ఆకలిని నడిపే భాగాన్ని కూడా నొక్కేస్తాయి. అన్నం చూస్తే వెగటు పుట్టడం రోగి మొండితనం కాదు.

మాట దగ్గరే ఒక చిక్కుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను తెలుగులో వాపు అంటున్నాం. ఆల్బుమిన్ తగ్గినప్పుడు కాళ్ళకు నీరు పట్టడాన్నీ వాపే అంటున్నాం. రెండూ ఒకటి కావు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడే వాపు కంటికి కనిపిస్తుంది. లోపలి ఇన్‌ఫ్లమేషన్ రక్తపరీక్షలో తప్ప కనిపించదు. కాళ్ళకు, పొట్టకు నీరు చేరినప్పుడు తూకంలో రెండు కిలోలు పెరిగితే ఇంట్లోవాళ్ళు కోలుకుంటున్నాడని సంతోషిస్తారు. వాపును చూసి బలుపనుకోవడం అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. అలాంటప్పుడు తూకం కన్నా చేతి ఉంగరం ఎంత వదులైందో, కణతలు ఎంత లోతుకు పోయాయో నిజం చెబుతాయి. నీరు చేరనివాళ్ళలో తూకాన్ని నమ్మవచ్చు. ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 శాతానికి మించి తగ్గితే దాన్ని క్యాకెక్సియాగా, అంటే క్యాన్సర్ వల్ల చిక్కి శల్యమవడంగా, గుర్తించాలని 2011లో అంతర్జాతీయ నిపుణులు ఒక ఒప్పందానికి వచ్చారు. 60 కిలోల మనిషికి 5 శాతం అంటే మూడు కిలోలే. అంత చిన్న తగ్గుదలను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు.

సీఆర్‌పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో నిమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు. చాలాకాలం దాన్ని ఇన్‌ఫెక్షన్ గుర్తుగానే చూశారు. క్యాన్సర్‌లో దానికి, ఆల్బుమిన్‌కు ముడిపెట్టి ఒక సులువైన లెక్క కట్టింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వైద్యులు. శస్త్రచికిత్సకు వీల్లేని ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 161 మందిని పరిశీలించి 2003లో దాన్ని ప్రచురించారు. సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఒక మార్కు, ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాముల కన్నా తక్కువైతే ఒక మార్కు. మొత్తం సున్నా, ఒకటి, రెండు. మార్కు పెరిగేకొద్దీ బతికే కాలం తగ్గుతూ వచ్చింది. దీనికి గ్లాస్గో ప్రాగ్నాస్టిక్ స్కోరు అని పేరు. తరువాత రకరకాల క్యాన్సర్లలో, రకరకాల దేశాల్లో ఇదే ధోరణి కనిపించింది.

అసలు విషయం ఆ తరువాత చేసిన సవరణలో ఉంది. సవరించిన స్కోరులో సీఆర్‌పీ పెరగకుండా ఆల్బుమిన్ ఒక్కటే తగ్గితే మార్కు సున్నా. ఒంటరిగా తగ్గిన ఆల్బుమిన్‌కు జబ్బు గతితో పెద్దగా సంబంధం లేదని, అలా ఒంటరిగా తగ్గడమే అరుదని వాళ్ళ పరిశీలనలోనే తేలింది. ఆల్బుమిన్ నిజంగా తిండి కొలతే అయివుంటే సీఆర్‌పీ తోడు లేకుండా కూడా అది జోస్యం చెప్పగలిగి ఉండాలి. చెప్పలేకపోయింది. మంట తోడుంటేనే దాని మాటకు విలువ. నెల్లూరు వార్డులో ఇల్లాలిని నిలదీసేవాళ్ళకు గ్లాస్గో ఇచ్చిన జవాబు ఇదేనని చెప్పుకోవచ్చు.

సీఆర్‌పీ చేయించకపోయినా రక్తకణాల లెక్క చూపే మామూలు సీబీపీ కాగితంలోనే మరో గుర్తు దాగి ఉంటుంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్ల శాతంతో భాగిస్తే వచ్చే అంకె అది. మంట రగిలినప్పుడు ఎముక మజ్జ న్యూట్రోఫిల్స్‌ను ఎక్కువగా బయటికి తోస్తుంది. కణితిని గుర్తుపట్టి పోరాడవలసిన లింఫోసైట్లు తగ్గిపోతాయి. కాబట్టి ఈ నిష్పత్తి పెరగడమంటే మంట పెరగడం, కాపలా తగ్గడం రెండూ ఒకేసారి జరుగుతున్నట్టు. 2014లో వంద అధ్యయనాలను, నలభై వేల మందికి పైగా రోగులను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, నిష్పత్తి ఎక్కువగా ఉన్నవాళ్ళకు మరణ ప్రమాదం సుమారు 1.8 రెట్లు ఉన్నట్టు తేలింది. ఎక్కువ అనడానికి ఆ అధ్యయనాలు పెట్టుకున్న గీతల మధ్యస్థం 4.

ఒక రిపోర్టు వేసి చూద్దాం. ఇది ఊహించిన ఉదాహరణ మాత్రమే. కనిగిరి వైపు మెట్ట రైతు, 58 ఏళ్ళు, కడుపులో క్యాన్సర్ కాలేయానికి పాకింది. తెల్లకణాలు మొత్తం 11,200. న్యూట్రోఫిల్స్ 82 శాతం, లింఫోసైట్లు 10 శాతం. ఆల్బుమిన్ 2.8. సీఆర్‌పీ లీటరుకు 64 మిల్లీగ్రాములు. హిమోగ్లోబిన్ 8.9. గ్లాస్గో లెక్కలో రెండుకు రెండు మార్కులు వచ్చాయి. నిష్పత్తి 8.2. జపాన్‌లో 1984లో ఒనొడెరా బృందం కట్టిన మరో సూచిక ఉంది. ఆల్బుమిన్‌ను పదితో గుణించి, లింఫోసైట్ల సంఖ్యలో వెయ్యింట ఐదు వంతులు కలపాలి. ఇక్కడ లింఫోసైట్లు 1,120. కాబట్టి 28కి 5.6 కలిపితే 33.6. కడుపు, పేగుల ఆపరేషన్‌కు రోగి తట్టుకుంటాడా లేదా చూడటానికి కట్టిన ఆ లెక్కలో 40 కన్నా తక్కువైతే ప్రమాదమన్నారు. దాని పేరులో పోషణ అన్న మాట ఉంది గాని, పైన చెప్పిన కారణాల వల్ల అది కూడా సగానికి పైగా మంట లెక్కే. పేరు చూసి మోసపోయేవాళ్ళలో వైద్యులూ ఉన్నారు.

ఆ రైతు హిమోగ్లోబిన్ సంగతీ దీనికి చెందిందే. కడుపులో కణితి నుంచి నెత్తురు కారడం ఒక కారణం కావచ్చు. కాని ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం చేత హెప్సిడిన్ అనే మరో పదార్థాన్ని తయారు చేయిస్తుంది. అది శరీరంలో ఉన్న ఇనుమునే తాళం వేసి దాచేస్తుంది, పేగుల నుంచి కొత్త ఇనుము రాకుండా అడ్డుపడుతుంది. ఇలాంటి రోగికి నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగించినా హిమోగ్లోబిన్ కదలకపోవడానికి అదే కారణం. బీట్‌రూట్ రసం, దానిమ్మ రసం సంగతి చెప్పనక్కరలేదు.

ఈ అంకెల్ని పట్టుకుని ఎవరి గతినైనా తేల్చేముందు అవి ఎక్కడెక్కడ తప్పుదారి పట్టిస్తాయో చూడాలి. మొదటి చిక్కు ప్రమాణాలది. ఒక ల్యాబు సీఆర్‌పీని లీటరుకు లెక్కిస్తుంది, మరొకటి డెసిలీటరుకు. లీటరుకు 64 అన్నా డెసిలీటరుకు 6.4 అన్నా ఒకటే. ఒంగోలు రిపోర్టులో 64, చెన్నై రిపోర్టులో 6.4 చూసి పదోవంతుకు తగ్గిందని మురిసిపోతే ఆ సంతోషం డాక్టరు గది దాకానే. చిన్న ఊళ్ళ ల్యాబుల్లో గాజు పలక మీద లేటెక్స్ చుక్క వేసి చేసే పరీక్షలో పాజిటివ్, నెగటివ్ అనే మాట తప్ప అంకె రాదు. లీటరుకు 6 మిల్లీగ్రాములు దాటితే చాలు, అది పాజిటివ్ అంటుంది. జలుబు చేసినవాడికి, నాలుగో దశ క్యాన్సర్ రోగికి ఒకే మాట. స్కోరు కట్టడానికి అది పనికిరాదు.

రెండో చిక్కు మందులది. కీమో ఇచ్చేముందు వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు. అది న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది, లింఫోసైట్లను తగ్గిస్తుంది. మర్నాడు సీబీపీ తీస్తే నిష్పత్తి ఎనిమిదో పదో కనిపించి గుండె గుభేలుమంటుంది. అందులో కణితి వాటా ఎంతో, స్టెరాయిడ్ వాటా ఎంతో విడదీయడం ఎవరి వల్లా కాదు. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ వేసిన తరువాతి రోజుల్లోనూ అంతే.

మూడోది మన వాతావరణానిది. నెల్లూరు జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జ్వరాల కాలం కూడా అదే. డెంగీలో తెల్లకణాల లెక్క తారుమారవుతుంది. క్షయ ఉంటే సీఆర్‌పీ పెరిగి ఆల్బుమిన్ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. అంటే క్యాన్సర్ లేకుండానే గ్లాస్గో లెక్కలో రెండు మార్కులు వచ్చేస్తాయి. తాగుడుతో కాలేయం చెడినా, మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు ఉన్నా ఆల్బుమిన్ తగ్గుతుంది. పిత్తనాళం మూసుకుపోయి చీము పట్టినా, మూత్రపు గొట్టం వల్ల ఇన్‌ఫెక్షన్ సోకినా సీఆర్‌పీ ఆకాశానికి అంటుతుంది. ఇవన్నీ చికిత్సకు లొంగేవి. సీఆర్‌పీలో సగం తరిగిపోవడానికి ఒక రోజు కూడా పట్టదు గనుక ఇన్‌ఫెక్షన్ తగ్గితే నాలుగైదు రోజుల్లోనే అంకె బాగా దిగుతుంది. అలా దిగకుండా రెండు మూడు వారాల తేడాతో తీసిన రెండు మూడు రిపోర్టుల్లోనూ పైనే నిలబడితే అప్పుడు అది కణితి మాటగా తీసుకోవాలి. జ్వరం ఉన్న రోజున తీసిన ఒక్క రిపోర్టుతో ఎంతకాలం బతుకుతాడో చెప్పేవాడు చిలక జోస్యం చెబుతున్నట్టే.

ఈ గుర్తులు అన్నిటికన్నా అక్కరకొచ్చే చోటు మరొకటుంది. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ప్రకాశం జిల్లా పొగాకుకు పేరుపడ్డ నేల. టంగుటూరు, కొండపి, పొదిలి పేర్లు వేలం కేంద్రాలతోనే గుర్తొస్తాయి. పండించడం ఒక్కటే జబ్బు తేదు గాని, చుట్ట, బీడీ, ఖైనీ అలవాటు ఉన్న చోట నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు తప్పవు. గొంతు దగ్గర కణితి అడ్డుపడి మెతుకు దిగని మనిషి నెల రోజుల్లో పది కిలోలు తగ్గవచ్చు. చూడటానికి ఆ కనిగిరి రైతూ ఇతనూ ఒకేలా ఉంటారు, దవడలు పీక్కుపోయి, చొక్కా వేలాడుతూ. కాని ఇతని సీఆర్‌పీ 5 ఉండి, ఆల్బుమిన్ 3.7 ఉంటే ఇది నిఖార్సైన ఆకలి. ముక్కు గొట్టమో, పొట్టలోకి నేరుగా వేసే గొట్టమో పెట్టి పాలు, జావ, డాక్టరు చెప్పిన పోషక ద్రవం పోస్తే బరువు నిలబడుతుంది, రేడియేషన్‌ను తట్టుకునే ఓపిక వస్తుంది. అంకెలు బాగున్నాయని ఊరుకోవడం ఇక్కడ తప్పు. వెంటనే గొట్టం వేయాలి. ఆ రైతు విషయంలో మంట ఎక్కువగా ఉంది. పెట్టిన తిండి కండ పట్టకుండా ఆ మంటకే ఆహుతవుతుంది. తిండి అక్కరలేదని కాదు. తిండి ఒక్కటే చాలదని. ఒకే రకం చిక్కిపోవడాన్ని ఇలా రెండుగా విడదీసి చూపడమే ఈ చవక పరీక్షల వల్ల కలిగే అసలు లాభం. బతికే నెలలు లెక్కకట్టడం దాని తరువాతే.

ఇక తిండి. యూరప్ పోషణ నిపుణుల మార్గదర్శకాల ప్రకారం క్యాన్సర్ రోగికి రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు, ఒక గ్రాముకు మించి, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. యాభై కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలల్లో ఆరేడు గ్రాములు. చారన్నం, మెత్తటి ఇడ్లీ, మజ్జిగ మీద నడిచే రోగికి రోజుకు ముప్ఫై గ్రాములు అందడం కూడా కష్టమే. దీనికి తోడు పత్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, పెరుగు వద్దు, గుడ్డు వేడి, చేపలు పుండుకు చీము పట్టిస్తాయి. పెన్నా చేపలు, సముద్రపు చేపలు రెండూ అందుబాటులో ఉన్న నెల్లూరు జిల్లాలో క్యాన్సర్ రోగికి చేపల పులుసు నిషేధించడం కన్నా విచిత్రం లేదు. ఇప్పుడు కొత్తగా, చక్కెర మానేస్తే కణితి ఎండిపోతుందన్న ప్రచారం ఫోన్లలో తిరుగుతోంది. అసలే తినలేని మనిషి కాఫీలో చెంచాడు చక్కెర కూడా తీసేస్తే తగ్గేది కణితి కాదు, మనిషి. ఎక్కువసార్లు, కొద్దికొద్దిగా, రోగికి నోటికి ఏది సహిస్తే అది పెట్టడం తప్ప ఇందులో రహస్యమేమీ లేదు.

ఆల్బుమిన్ సీసాల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 20 శాతం ద్రావణం వంద మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 20 గ్రాముల ఆల్బుమిన్. ఖరీదు వేల రూపాయల్లో. ఆరోగ్యవంతుడి కాలేయం ఒకటిన్నర, రెండు రోజుల్లో చేసేంత సరుకు అది. రక్తనాళాలు వదులైన శరీరంలోకి ఎక్కిస్తే కొద్ది రోజుల్లో ఎక్కువ భాగం బయటికి జారిపోతుంది. మర్నాటి రిపోర్టులో 2.8 కాస్తా 3.1 అవుతుంది, వారానికి మళ్ళీ 2.8. కాలేయం గట్టిపడిన జబ్బులో పొట్ట నుంచి లీటర్ల కొద్దీ నీరు తీసినప్పుడు అది నిజంగా అవసరం. ముదిరిన క్యాన్సర్‌లో అంకె సరిచేయడానికి ఎక్కించడం మాత్రం థర్మామీటరును చల్లటి నీళ్ళల్లో ముంచి జ్వరం తగ్గిందనుకోవడమే. బంగారం కుదువపెట్టి ఆ సీసాలు కొన్న కుటుంబానికి ఈ మాట ముందే చెప్పేవాళ్ళుండాలి.

ఆకలి పుట్టించడానికి మాత్రం మన పక్కనే జరిగిన మంచి పని ఒకటుంది. పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్యులు కడుపు, కాలేయం, పిత్తనాళం, క్లోమం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరి కీమో తీసుకుంటున్న 124 మందితో ఒక పరీక్ష నిర్వహించి 2023లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఓలాంజపిన్, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్ళలో 60 శాతం మంది 5 శాతానికి మించి బరువు పెరిగారు. ఉత్తుత్తి మాత్రల బృందంలో 9 శాతమే. ఓలాంజపిన్ పాతకాలపు చవక మాత్ర. మగత తెస్తుంది, డాక్టరు చెప్పకుండా వాడకూడదు. వేల రూపాయల సీసా కన్నా అడగదగిన ప్రశ్న ఇది.

మంటే మూలమైతే మంటనే ఆర్పే మందు ఇవ్వవచ్చు కదా అన్న ఆలోచన రావడం సహజం. ప్రయత్నించారు. ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే కెనకినుమాబ్ అనే మందును గుండెజబ్బు రోగులకిచ్చి చూస్తే వాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తగ్గినట్టు 2017లో బయటపడింది. ఎంతో ఆశ పుట్టింది. తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లోనే నేరుగా పరీక్షిస్తే ఆ మేలు కనిపించలేదు. పొగ చూసి నిప్పు ఎక్కడుందో కనిపెట్టవచ్చు. పొగను విసిరికొడితే నిప్పు ఆరదు.

చివరికి ఎవరూ బిగ్గరగా అడగలేని ప్రశ్న. ఎంతకాలం? దీనికి డాక్టర్లు చెప్పే జవాబుల నాణ్యతను షికాగోలో కొలిచారు. 343 మంది డాక్టర్లు, చివరి దశ సంరక్షణలో చేరిన 468 మంది రోగుల గురించి చెప్పిన అంచనాలను నిజంగా బతికిన కాలంతో పోల్చి 2000లో ప్రచురించారు. సరిగ్గా చెప్పినవి 20 శాతమే. 63 శాతం అంచనాలు అతిగా ఆశపడినవి. మొత్తం మీద ఉన్నదానికి ఐదు రెట్లకు పైగా చెప్పారు. రోగితో పరిచయం పెరిగేకొద్దీ అంచనా మరింత తప్పింది. మనసు అడ్డం వచ్చినప్పుడు అంకె సాయం అడగడంలో తప్పులేదు. ఇటలీ వైద్యులు 1999లో కట్టిన పాప్ స్కోరు అందుకే డాక్టరు అంచనాను, తెల్లకణాల సంఖ్యను, లింఫోసైట్ల శాతాన్ని, ఆకలిని, ఆయాసాన్ని, రోగి లేచి తిరగగలిగే శక్తిని కలిపి చూస్తుంది. నెల రోజులు దాటే అవకాశం 70 శాతానికి పైనా, 30కి తక్కువా, ఆ రెంటి నడుమనా అని మూడు గుంపులుగా మాత్రమే చెబుతుంది. అంతకన్నా కచ్చితంగా చెప్పనని ఒప్పుకోవడమే దాని మర్యాద.

గుంపు సంగతి వేరు, మనిషి సంగతి వేరు. ఒక గుంపులో సగటున సగం మంది నాలుగు నెలలు దాటరని తెలిస్తే, మిగతా సగం దాటారనే కదా అర్థం. ఆ రైతు ఏ సగంలో ఉన్నాడో ఏ స్కోరూ చెప్పదు. గ్లాస్గో లెక్కలో రెండు మార్కులు వచ్చాయని చికిత్స ఆపేయడానికి ఆధారం లేదు. అలా ఆపి చూసి మేలు జరిగిందని నిరూపించినవాళ్ళూ లేరు. ఆ అంకె పనికొచ్చేది వేరే నిర్ణయాలకు. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. మార్కాపురం నుంచైతే దాదాపు రెట్టింపు. మూడో రకం కీమో కోసం మూడు వారాలకోసారి ఆ ప్రయాణం చేయాలా, దగ్గర్లోనే నొప్పికి, ఆయాసానికి వైద్యం చేయించుకుంటూ ఇంట్లో ఉండాలా? పొలం కాగితాల పని, కూతురి పెళ్ళి ముహూర్తం ముందుకు జరపాలా? ఉపశమన వైద్యాన్ని ఇప్పుడే మొదలుపెట్టాలా? చివరి ప్రశ్నకు జవాబు తెలిసిందే. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందితో అమెరికాలో జరిగిన పరీక్షలో, మొదటి నుంచే ఉపశమన వైద్యం కూడా అందినవాళ్ళు బతికిన కాలపు మధ్యస్థం 11.6 నెలలు, మామూలు చికిత్స ఒక్కటే అందినవాళ్ళది 8.9 నెలలు. ఈ ఫలితం 2010లో వచ్చింది. నొప్పికి మార్ఫిన్ అందించడంలో ఉన్న చట్టపు చిక్కులను మన దేశంలో 2014 సవరణతో చాలావరకు తగ్గించారు. అయినా నొప్పికి మార్ఫిన్ అడగాలని తెలిసిన కుటుంబాల కన్నా ఆల్బుమిన్ సీసా అడగాలని తెలిసిన కుటుంబాలే ఎక్కువ కనిపిస్తాయి.

మనిషి మంచం మీంచి లేవని స్థితికి వచ్చాక ఈ పరీక్షలకు పనిలేదు. జపాన్‌లో కట్టిన మరో సూచిక రక్తం చుక్క కూడా అడగదు. నోటి ద్వారా ఎంత తీసుకుంటున్నాడు, ఒంటికి నీరు పట్టిందా, కదలకుండా ఉన్నా ఆయాసం ఉందా, మాట తడబడి మతి తప్పుతోందా, ఎంతవరకు కదలగలడు అని మాత్రమే చూస్తుంది. ఆ దశలో నరం దొరక్క మోచేతి దగ్గర నాలుగుసార్లు పొడిచి తీసిన రిపోర్టులో ఆల్బుమిన్ 2.1 అని తెలిసినా చేయగలిగిందేమీ మారదు. శరీరానికి ఆకలి ఉండదు, బలవంతాన పోసింది గొంతుకు అడ్డం పడుతుంది, లేదా ఊపిరితిత్తుల్లో చేరుతుంది. నోరు ఎండిపోకుండా తడిగుడ్డతో పెదాలు తుడవడం, అడిగితే చెంచాడు కొబ్బరినీళ్ళు, అడగకపోతే ఏమీ వద్దు. ఇన్నాళ్ళూ ఎంత తినిపించావని నిలదీయబడ్డ ఆమెకు, ఇక తినిపించకపోయినా తప్పులేదని, అంతకుముందూ తప్పు ఆమెది కాదని డాక్టరే ఆ బంధువులందరి ముందు చెప్పాలి.